ఇంజను తాగని పెట్రోలు

ఇస్సాకు ఏలూరు మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివి, తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ఇంజను పని నేర్చుకున్నాడు. తర్వాత కొల్లేటి ఒడ్డున నరసరాజుగారి నీళ్ల ఇంజనుకు డ్రైవరయ్యాడు. రాజుగారి పొలాలకూ, ఆయన దగ్గర కౌలు చేసే పేటవాళ్ల చేలకూ నీళ్లు తోడాల్సింది ఆ ఇంజనే.

1939లో పెట్రోలు మీద కొత్త పన్ను పడింది. పొలాలకు నీళ్లు తోడే ఇంజన్లకు మాత్రం మినహాయింపు. ఇంజను నెలకు ఎంత తాగిందో డ్రైవరు ఫారంలో రాసి సంతకం పెట్టాలి. ఆ ఫారం మీద పన్ను లేకుండా వచ్చిన డబ్బాల్లో సగం రాజుగారి కారు షెడ్డుకు పోయేవి. మొదట్లో ఇస్సాకు చూసీ చూడనట్టు సంతకం పెట్టాడు.

మరుసటి ఏడు ఎండాకాలం చివర వానలు పడలేదు. పేటలో కౌలు చేసే అతని మామ సత్యవేదం ఆకుమడి నెర్రెలిచ్చింది. మొలిచిన నారు ఎర్రబారింది. ఇంజను తిప్పుదామని ఇస్సాకు రాజుగారిని అడిగాడు.

"పెట్రోలు లేదురా, ఏం చేయమంటావు?" అన్నారు రాజుగారు. ఆ మధ్యాహ్నమే ఇంటిల్లిపాదీ కారెక్కి ద్వారకా తిరుమల వెళ్లారు.

నెలాఖరుకు రాజుగారు ఫారం తెచ్చి ఇస్సాకు ముందు పడేశారు. "నలభై గ్యాలన్లని రాయి."

"ఇంజను ఈ నెలంతా తిరగలేదండీ."

"నిన్నడిగానా? సంతకం పెట్టు!"

ఇస్సాకు గడిలో సున్నా చుట్టాడు, సంతకం పెట్టాడు, ఫారం జేబులో కుక్కుకుని తెల్లారేసరికి ఏలూరు దారి పట్టాడు. పన్నుల ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

వారానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు రాజుగారింట్లో భోంచేశాడు. తర్వాత ఇంజను పాకలోకి వచ్చాడు.

"మావాడికి చదువు తక్కువండీ, అంకె తప్పు రాశాడు" అన్నారు రాజుగారు.

"తప్పేం లేదండీ!" ఇస్సాకు గొంతు పాకంతా మోగింది. "చక్రం చూడండి, తుప్పు పట్టేసింది. తిరిగే చక్రానికి తుప్పెలా పడుతుందండీ? బయట మా మావ నారు చూడండి. మా చేల పేరు చెప్పి తెచ్చిన పెట్రోలండీ అది! కారులో తగలేశారు!"

ఇన్‌స్పెక్టరు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పెద్దలతో అలా మాట్లాడకూడదయ్యా" అని బయటికి నడిచాడు.

రాజుగారి మినహాయింపు మినహాయింపుగానే ఉంది. ఇస్సాకు పని పోయింది. సత్యవేదం చేను బీడు పడింది. అరవై ఏళ్ల మనిషి పరాయి చేలల్లో కూలికి వంగాడు.

ఇస్సాకు మళ్లీ తాడేపల్లిగూడెం మిల్లులో చేరాడు. ఇంట్లో ఎవరైనా ఆ ఏటి నారు మాటెత్తితే, భార్య సలోమి ఎంత బతిమాలినా సరే, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.