నీలం వెలుగూ స్టీలు గ్లాసూ

పెళ్ళి మండపాలకు ప్రొజెక్టర్లు అద్దెకిచ్చేవాళ్ళు అమలాపురంలో నా రిపేరు కొట్టుకే వస్తారు. బాగుపడవని తేలినవాటిని నా దగ్గరే వదిలేసి పోతారు. నాకు కావలసినవి అవే. కొత్తరకం ప్రొజెక్టర్లలో బల్బుకు బదులు నీలం లేజర్ డయోడ్లుంటాయి, ఒక్కోటీ బఠాణీ గింజంత. దాన్ని ఊడదీసి, అల్యూమినియం దిమ్మలో బిగించి, ముందొక లెన్సు పెట్టి కరెంటు సరిగ్గా అందిస్తే, గదికి ఆ చివరనున్న ఎండిన కొబ్బరి డొక్క పీచు కూడా అంటుకుంటుంది. ఎందుకిదంతా అంటే ఏం చెప్పను? కొందరు పేకాడతారు, కొందరు పుంజుల్ని పెంచుతారు. నేను లేజర్లు చేసుకుంటాను.

"పోనీ అమ్ముతారా ఏంటండీ?" అని మా ఆవిడ అడిగింది ఒకసారి. అమ్మనన్నాను. "మరెందుకండీ ఈ తంటా?" అంది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. "నువ్వు రోజూ గుమ్మంలో ముగ్గెందుకు పెడతావే?" అన్నాను. మూతి మూడు వంకర్లు తిప్పి లోపలికి పోయింది.

పెరట్లో కొబ్బరికాయలు పోసే గదే నా పనిగది. అక్కడ నాది ఒకటే కట్టుబాటు, మెరిసే వస్తువేదీ లోపలికి రాకూడదు. నున్నటి లోహం మీద పడితే ఆ కిరణం వెనక్కి తిరిగి కంట్లో పడుతుంది. రెప్ప వాల్చేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. వాచీ, ఉంగరం తీసి బయట పెట్టేవాణ్ణి. కిరణం ఆగడానికి బల్ల చివర ఒక ఇటుకకు నల్లరంగు పూసి నిలబెట్టాను. మజ్జిగ తెచ్చేటప్పుడు మా ఆవిడ ప్లాస్టిక్ గ్లాసులోనే తెచ్చేది. కొట్టు ఊడ్చే మనిషికి కూడా ఈ సంగతి తెలుసు.

తెలియంది ఒక్క మా అత్తగారికే.

మా మామగారు పోయాక ఆవిడ రాజోలు నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. అల్లుడి ఎదుట పడరు, అల్లుడితో మాట్లాడరు. ఆవిడ పద్ధతి అది. నేను హాల్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోతారు. నేను గోడకు ఇవతలే ఉన్నా, "అల్లుడుగారిని భోజనానికి లేవమనమ్మా" అని కూతురితో చెప్పిస్తారు. ఆ మర్యాదకు నాకు ఒళ్ళు మండేది. "నేనేమన్నా పులినా?" అని మా ఆవిడ మీద ఎగిరేవాణ్ణి. "మా అమ్మ తీరు అంతేనండి, మీకేం కష్టమొచ్చింది?" అనేది. అలా ఏళ్ళు గడిచాయి. లేజర్ల కట్టుబాటు ఆవిడకు నేను చెప్పలేదు. మేం మాట్లాడుకోం కదా.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ కొత్తపేటలో పేరంటానికి వెళ్ళింది. నేను కొన్ని డయోడ్ల వెలుగును కలిపి ఒకే కిరణంగా చేశాను, అప్పటిదాకా నేను చేసినవాటిలో అదే బలమైనది. పక్కన డొక్క పొగ వేసుకున్నాను. పొగలోనే కిరణం కనిపిస్తుంది. కళ్ళకు కాపుగా నారింజరంగు కళ్ళజోడు పెట్టుకుంటే ఆ నీలం కనబడదు. దాన్ని చూసుకోవడానికే కదా ఇంత కష్టం!

నేను తల వంచి వైరు బిగిస్తున్నాను. అత్తగారు పెరటి గుమ్మంలోంచి వచ్చారు, నేను చూడలేదు. ఇంకొకరైతే "బాబూ, మజ్జిగ" అని కేకేసేవారు. ఆవిడ పిలవరు. చప్పుడు కాకుండా బల్ల చివర, నల్ల ఇటుక ముందు గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు. స్టీలు గ్లాసు. పీచుతో తోమితోమి అద్దంలా చేస్తారు ఆవిడ. నేను స్విచ్చి వేసి, తలెత్తి, జోడు నుదుటి మీదికి నెట్టాను.

తెల్లగా ఏదో మెరిసింది. నొప్పి లేదు. చప్పుడూ లేదు. స్విచ్చి ఆపి ఎడమ కన్ను మూసి చూస్తే, కుడి కంటికి ఇటుక లేదు. ఇటుక చుట్టూ ఉన్నదంతా ఉంది. గ్లాసులో మజ్జిగ మీద కరివేపాకు తేలుతోంది. గ్లాసు తీసుకుని తాగేశాను. ఎందుకు తాగానో తెలియదు. ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టాను.

కాకినాడలో కంటి డాక్టరు చూసి, కంటి లోపలి పొర నడిమధ్యన కాలిపోయిందని, ఇక ఆ చూపు తిరిగి రాదని చెప్పారు. "దేని మీద పడి తిరిగిందండీ?" అని అడిగారు. మా ఆవిడ పక్కనే ఉంది.

"స్క్రూడ్రైవరండి" అన్నాను.

నిజం తెలిస్తే అత్తగారు మా ఇంట్లో ఇక ముద్ద ముట్టరు. రాజోలులో తాళం వేసిన ఇంటికి వెళ్ళిపోతారు. ఆ సంగతి ఆవిడకు తెలియకుండా ఉంటే చాలు, నాకు ఇంకేమీ అక్కర్లేదు అనిపించింది.

నేను ఇల్లెగిరిపోయేలా అరుస్తానని అందరూ కాచుకుని ఉన్నారు. నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పనిగదికి తాళం వేశాను. కొట్టులో కూర్చుని ఎడమ కన్ను మూసి చూస్తే గడియారానికి ముళ్ళు లేవు, అంకెలు మాత్రం ఉన్నాయి. మా ఆవిడకు జుట్టుంది, చెవులున్నాయి, మొహం లేదు. చూశాను, కన్ను తెరిచాను, ఊరుకున్నాను. అన్నం పెడితే తిన్నాను. లోపల మొద్దుబారిపోయింది, అంతే.

తరవాత ఒకనాడు మా ఆవిడ అంది కదా, "మా అమ్మకేం పట్టిందోనండి, ఇంట్లో స్టీలు గ్లాసులన్నీ అటకెక్కించేసింది. ఒకదానికి గోధుమరంగు మచ్చ పడిందంట, ఎంత తోమినా పోలేదంట. మెరిసే గ్లాసు అల్లుడుగారి గదిలో పెట్టకూడదేంటే అని అడిగింది. ఆయ్, పెట్టకూడదమ్మా అని చెప్పేను." తనకు అంతకుమించి ఏమీ తట్టలేదు. నాకు మాత్రం అర్థమైపోయింది, అత్తగారికి తెలిసిపోయింది.

ఆ సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ఉండగా అత్తగారు నా ఎదురుగా వచ్చారు. ప్లాస్టిక్ గ్లాసు పక్కన పెట్టారు. నేను చెయ్యి చాపితే అది గ్లాసుకు కాస్త ఇవతలే ఆగిపోయింది. ఇప్పుడు దూరాలు నాకు సరిగ్గా అందవు.

"కొంచెం అటండి, అల్లుడుగారూ" అన్నారు.

ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. తలెత్తి చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ వేళ ఒక్క మాట పిలవాల్సిందండి. పిలవలేకపోయేను."

"అది స్క్రూడ్రైవరండి, అత్తగారూ" అన్నాను.

ఆవిడ నా కుడి కంటికేసి చూశారు. "ఆయ్" అన్నారు.

ఎప్పట్లా లోపలికి వెళ్ళలేదు. నేను తాగేదాకా అక్కడే నిలబడ్డారు. గ్లాసు పట్టుకునే ఏడ్చాను.