బావ కంటే ముందు బానెట్ ఎత్తిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని బండి రోగం లేదని నాకొక నమ్మకం ఉండేది. (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదని తర్వాత తెలిసింది.) కామారెడ్డిలో ఉస్తాద్ షెడ్డులో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఏ కారు వచ్చినా ఉస్తాద్ ముందు నన్నే పిలిచేవాడు. అంతా బాగానే సాగుతుండగా మా అక్క మొగుడు దుబాయి నుంచి తిరిగొచ్చాడు. అక్కడ పదేళ్లు కార్ల పనే చేశాడట. ఎల్లారెడ్డిలో ఇల్లు పెట్టుకుని, సరిగ్గా మా షెడ్డులోనే పనికి చేరాడు. రెండు వారాల్లో ఉస్తాద్ నోట నా పేరు మాయమైపోయింది. ప్రతిదానికీ "మీ బావను పిలువ్." ఇంటికి పోతే అమ్మ అదే పాట. "అల్లుడు చెయ్యి పెడితే సాలట, ఇంజను రోగం చెప్తడట. నువ్వెప్పుడు నేర్సుకుంటవ్ బిడ్డా?" అన్నం సహించేది కాదు. బావ చాలా మంచివాడు కావడం ఒకటి, నా బాధను రెండింతలు చేసేది. కనీసం తిట్టుకోవడానికైనా వీలుండాలి కదా!

ఆ సమయంలో ఎల్లారెడ్డి టీచరమ్మ కారు వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చలిజ్వరం పట్టినట్టు కారంతా వణుకుతుందని, ఒక్కోసారి ఆగిపోతుందని ఆమె ఫిర్యాదు. మా షెడ్డు చేరేసరికి మాత్రం పట్టు చీర జారినంత మెత్తగా నడిచేది. నేను ప్లగ్గులు మార్చాను. వారం తర్వాత మళ్లీ వచ్చింది. థ్రాటిల్ కడిగాను. మళ్లీ వచ్చింది. మూడోసారి "పెట్రోలు కల్తీ అయ్యుంటది మేడం" అన్నాను. ఆమె నా ముఖం ఒకసారి చూసి, "తమ్మీ, మీ బావ లేడా?" అని అడిగింది.

బావ బానెట్ కూడా ఎత్తలేదు. "గంట సేపు నడిచి వేడెక్కినంక రోగం యాడ దొరుకుతది మేడం? రేపు ఐతారం, బడి లేదు కదా, బండి ముట్టుకోకుండ్రి. ఎనిమిదింటికి నేనే మీ ఇంటికొస్త" అన్నాడు. ఇంత చిన్న మాట మూడు వారాలుగా నాకెందుకు తట్టలేదు? మర్నాడు తొలి బస్సు పట్టుకుని ఏడింటికల్లా ఎల్లారెడ్డిలో దిగాను. బావ వచ్చేలోపు రోగం పట్టేసి, ఆయన రాగానే కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతూ కనబడాలని నా పథకం.

"బావనే పంపిండు మేడం" అని తాళంచెవి తీసుకున్నాను. స్టార్ట్ చేస్తే నిజంగానే వణికింది. ఆ వైరు పీకాను, ఈ పైపు నొక్కాను, రేసు పెంచి చూశాను. ఏమీ దొరకలేదు. ఇంతలో ఇంజను వేడెక్కి, వణుకు దానంతటదే పోయింది. (నేనే పోగొట్టాననుకున్న ఆ రెండు నిమిషాలు నా జీవితంలో మహా ఆనందంగా గడిచాయి.) అప్పుడే బావ మోటారు సైకిల్ ఆపి వచ్చాడు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి, వేడి తగలగానే తీసేశాడు. నా వైపు చూశాడు. టీచరమ్మ, "మీరే పంపిండ్రట కదా?" అంది. బావ, "అవ్ మేడం, నేనే పంపిన. మంచిగ చల్లారినంక రేపు పొద్దుగాల ఇంకోపారి చూస్తం" అన్నాడు.

నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. గుమ్మంలో అక్క నిలబడిపోయింది. "పండుగకు పిలిస్తే రానోడివి, ఇయ్యాల ఎట్లొచ్చినవ్ రా?" నేను నీళ్లు నములుతుంటే బావే అందుకున్నాడు. "నిన్ను చూడనీకే వచ్చిండు." అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడి కోసింది. ముక్కలన్నీ నా కంచంలోనే వేసింది. ఆ అబద్ధాన్ని జొన్నరొట్టెతో కలిపి మింగడం ఎంత కష్టమో నాకే తెలుసు.

రాత్రి అక్కడే పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే టీచరమ్మ ఇంటి దగ్గర బావ నీళ్లు చిమ్మే సీసా ఒకటి నా చేతికిచ్చి, "నువ్వు కొట్టు, నేను ఇంజను చప్పుడు ఇంట" అన్నాడు. కారు వణుకుతోంది. ఒక్కో అతుకు మీద నీళ్లు చిమ్ముతూ పోయాను. ఇంజనులోకి గాలి తీసుకుపోయే గొట్టం, ఇంజనుకు అతుక్కునే చోట చిమ్మగానే, నీళ్లు ఏదో సందు మూసినట్టు, వణుకు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ చిమ్మితే మళ్లీ ఆగింది. అక్కడి రబ్బరు ప్యాకింగ్ ఎండి గట్టిపడిపోయింది. చలికి ముడుచుకుని సందులోంచి గాలి పీలుస్తోంది, వేడికి ఉబ్బి సందు మూసుకుంటోంది. టీచరమ్మ బయటికొచ్చి, "ఎవరు పట్టిండ్రు?" అంది. "మావోడే మేడం" అన్నాడు బావ. కాదని చెప్పాల్సిన నేను, సిగ్గులేకుండా తల ఊపాను.

కొత్త ప్యాకింగ్ కోసం ఇద్దరం ఆయన మోటారు సైకిల్ మీద కామారెడ్డి బయల్దేరాం. తాడ్వాయి దాటాక ఇక ఉండబట్టలేకపోయాను. "బావా, నిన్న నన్నెందుకు పట్టియ్యలే?"

"పట్టిస్తే ఏమొస్తది?"

"నీ మీద కుళ్లుతోనే వచ్చిన. అక్క కోసం రాలే."

"ఎరుకే." తర్వాత గాలిలోనూ వినబడేలా గట్టిగా అన్నాడు. "పదేండ్లు నేను దుబాయిల ఉంటే, మా పిల్లగాండ్లను బడికి తోల్కపోవుడు, మీ అక్కను దవాఖానకు తీస్కపోవుడు అన్నీ నువ్వే చేసినవ్. ఫోన్ల ఆమె నీ ముచ్చటే చెప్తుండె. అప్పుడు నాకెంత కుళ్లుండెనో నీకెరుకనా?"

వెనక కూర్చున్నాను కాబట్టి నా ముఖం ఆయనకు కనబడలేదు, అదొక్కటే అదృష్టం. ప్యాకింగ్ వేశాం, కారు బాగైంది. కుళ్లు మాత్రం అంత తొందరగా పోలేదు. ఇప్పటికీ ఎవరైనా బావను పొగిడితే లోపల ఎక్కడో చిన్నగా చురుక్కుమంటుంది. తొలి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గెలిచినట్టే మీసం దువ్వుకున్న ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. పక్కన కూర్చుని వాడి భుజం తట్టాలనిపిస్తుంది. తడితే ఊరుకునేవాడు కాదనుకోండి, నన్ను చూసి కూడా కుళ్లుకునేవాడే.