ఏ బండిలో వచ్చినా ఇక్కడే దిగాలి

మా ఊళ్లో వ్యాలీ, లేక్ అని రెండు రైలు కంపెనీలు, రెంటికీ ఉప్పూ నిప్పూ. వ్యాలీ వాళ్ల స్టేషన్ నదికి ఇవతల, లేక్ వాళ్లది అవతల. బండి మారాలంటే పెట్టెలతో గుర్రబ్బండెక్కి ఊరంతా దాటాల్సిందే, సగం రోజు గంగపాలు. ఇళ్లలోనూ అదే పగ. వ్యాలీ వాడు లేక్ రైలెక్కితే వాళ్లమ్మ అన్నం పెట్టదు!

ఆగస్ట్ క్రేమర్ వ్యాలీ కుర్రాడు, లీనా లేక్ డ్రైవరు కూతురు. ఊరొదిలి పెళ్లి చేసుకుందామనుకున్నారు గానీ, ఎవరి రైల్లో వెళ్లాలన్న దగ్గర పేచీ పడ్డారు. తెల్లారితే ప్రయాణం, ఇంకా మూతులు ముడుచుకునే ఉన్నారు. మర్నాడు ఆమె రాలేదని ఆగస్ట్ ఏడ్చాడు. ఆ రాత్రి నుంచి లీనా ఊళ్లోనే లేదు.

తర్వాత కంపెనీలు రాజీపడి నడుమ ఒకే స్టేషన్ కట్టాయి. ఆగస్ట్ అందులో ఏ బండి ఏ ఊళ్లకు వెళ్తుందో పిలిచి చెప్పే పనిలో చేరాడు. నాది అక్కడే కాఫీ కొట్టు.

"ఏమయ్యా, దిగిందా మీ మహారాణి?" అని రోజూ ఏడిపించేదాన్ని.

"ఏ కంపెనీ బండిలో వచ్చినా ఇక్కడే దిగాలి కదక్కా," అనేవాడు. పిచ్చి సన్నాసి!

ఒక మధ్యాహ్నం లేక్ బండి దిగి లీనా నిజంగానే వచ్చింది, వేలికి పెళ్లి ఉంగరంతో. నా కేకకు ఆగస్ట్ పరుగున వచ్చాడు.

"ఆ రోజు ఎందుకు రాలేదు లీనా? నీ మాటే నెగ్గనీ అని మీ స్టేషన్‌లో చీకటి పడేదాకా కూర్చున్నాను."

ఆమె మొహం పాలిపోయింది. "మా స్టేషన్‌లోనా? నేను మీ దాంట్లో కూర్చున్నాను కదయ్యా!"

అంతలో వ్యాలీ బండికి గంట కొట్టారు. లీనా మారాల్సిన బండి అదే, ఆ దారిలో ఒక ఊళ్లో ఆమె భర్త జబ్బుతో ఉన్నాడట. పాత రోజులైతే బండి మారడానికి ఊరు దాటేలోపు ఇద్దరికీ సగం రోజైనా దొరికేది. ఇప్పుడు హాలు దాటితే చాలు.

ఆ బండిని పిలవాల్సింది ఆగస్టే. అరుగెక్కి ఊళ్ల పేర్లన్నీ వరసగా పిలిచాడు. ఆమె ఊరి పేరు రెండుసార్లు పిలిచాడు.

బండి వెళ్లాక నా కొట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు, పెదవి మీద నవ్వు.

"మా స్టేషన్‌లో కూర్చుందట అక్కా," అన్నాడు. "నాకోసం, మా స్టేషన్‌లో."