నాన్న మీద చేసిన ప్రయోగం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. కానీ మా చందానగర్‌లో పదేళ్లంటే ఒక యుగం కిందే లెక్క కాబట్టి ధైర్యం చేస్తున్నాను. ఆ రోజుల్లో మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చేది కాదు. ఆఫీసుకి వెళ్లేవాళ్లు సగం జీవితం ట్రాఫిక్‌లో గడిపి, మిగతా సగం ఆ ట్రాఫిక్ గురించి చెప్పుకుంటూ గడిపేవారు. పదో తరగతి పాసైన పిల్లలకి ఎంపీసీ, బైపీసీ అని రెండే దారులుండేవి. మూడో దారి పట్టిన పిల్ల కనిపిస్తే పెద్దవాళ్లు ముందు ఆ పిల్లని, తర్వాత దాన్ని కన్నవాళ్లని జాలిగా చూసేవారు. అలాంటి కాలంలో నేను కొండాపూర్‌లో ఒక స్కూల్లో పదకొండో తరగతిలో చేరి సైకాలజీ తీసుకున్నాను. మనిషి మనసు లోతులు తెలుసుకోవాలనే తపనతో తీసుకున్నానని ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో చెబుతుంటాను. నిజానికి అందులో లెక్కలుండవని ఎవరో చెప్పారు. (ఉంటాయి. స్టాటిస్టిక్స్ అని పేరు మార్చుకుని వస్తాయి. ఆ చెప్పినవాళ్లు మళ్లీ నాకు కనిపించలేదు.)

మా నాన్నది నార్సింగి. అది ఇంకా ఊరుగా ఉన్నప్పుడు అక్కడ పుట్టి, బర్రెల వెనక తిరిగి, చదువుకుని, హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరయ్యాడు. అమ్మది భీమవరం వైపు. ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. ఇంట్లో అయినా ఫైలు సరిగ్గా లేకపోతే ఏ పనీ ముందుకు కదలనివ్వదు. ఇద్దరికీ యాస కలవదు, పప్పులో పులుపు కలవదు, టీవీలో చూసే చానెలు కలవదు. నా చదువు విషయంలో మాత్రం ఎక్కడలేని ఐకమత్యం. "సైకాలజీ చదివి ఏం జేస్తవ్ బిడ్డా" అని నాన్న అడిగితే, నేను జవాబు వెతుక్కునే లోపల అమ్మ కూడా అదే ప్రశ్న ఇంకొంచెం మర్యాదగా అడిగేది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అర్ధసంవత్సరం ప్రాజెక్టులో అన్నిటికన్నా పై గ్రేడు తెచ్చుకుంటే సైకాలజీ నాది. రాకపోతే వచ్చే జూన్‌లో మొదటి నుంచి ఎంపీసీ, అదీ హాస్టల్లో. ఆ హాస్టల్ కాలేజీ వాళ్ల రంగుల కాగితం తెచ్చి నాన్న ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. అందులో ఒకే రకం చొక్కాలు వేసుకున్న పిల్లలు ఒకే రకంగా నవ్వుతుండేవారు. కిటికీలకున్న జాలీలు వాళ్ల వెనక స్పష్టంగా కనిపించేవి. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తీసినప్పుడల్లా నాకు దాహం తీరేది కాదు.

సైకాలజీ మొదలుపెట్టిన కొత్తలో ఆ పుస్తకం చదివే పిల్లలందరికీ పట్టే జబ్బే నాకూ పట్టింది. కనిపించిన ప్రతి ఒక్కరికీ ఒక రోగం అంటగట్టడం. గ్యాస్ కట్టేశానా లేదా అని రెండుసార్లు చూసుకునే అమ్మకి ఒకటి, లిఫ్టులో ఎవరితోనూ మాట్లాడని పక్కింటి అంకుల్‌కి ఒకటి, నా పుట్టినరోజు మర్చిపోయిన స్నేహితురాలికి ఏకంగా మూడు. నాకు మాత్రం ఏ రోగమూ దొరకలేదు. మా టీచరు ఇవన్నీ విని ఓపిగ్గా "అంటే?" అనేది. ఎవరేం చెప్పినా ఆవిడ నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే కాబట్టి మేమంతా ఆవిడకి 'అంటే మేడం' అని పేరు పెట్టుకున్నాం. ఆవిడే ప్రాజెక్టు ఇచ్చింది. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకోవాలి, ఆ మనిషి అలవాటు ఒకటి ఎంచుకోవాలి, బహుమతి ఇచ్చి ఆ అలవాటు మార్చాలి. ఆ పాఠం అప్పుడే అయింది. గంట కొట్టి అన్నం పెడుతూ పోతే, కొన్నాళ్లకి ఒట్టి గంట విన్నా కుక్క నోరూరించుకుంటూ వస్తుంది. మీట నొక్కితే తిండి దొరుకుతుందని తెలిసిన ఎలుక ఇక మీట దగ్గరే కాపురం పెడుతుంది. మనిషి కూడా ఇంతేనా అని నేను ఒక క్షణం బాధపడి, మరుక్షణం మా నాన్నని ఎంచుకున్నాను.

నాన్నని ఎందుకంటే ఫోను వల్ల. మేము అన్నానికి కూర్చునే వేళకే అమెరికాలో వాళ్ల క్లయింట్లు నిద్ర లేచేవారు. ముద్ద నోటి దాకా వెళ్లేలోపు ఫోను మోగేది. నాన్న ఎడమ చేత్తో ఫోను పట్టుకుని బాల్కనీలోకి పోయేవాడు, కుడి చేతికున్న పప్పు అక్కడే ఎండిపోయేది. ఆయన తిరిగొచ్చేసరికి అమ్మ గిన్నెలు తోమేసుకునేది. నేనెక్కడున్నానంటారా, ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి. (సరే, చెబుతాను. కంచం పట్టుకుని నా గదిలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నా ఫోను చూసుకుంటూ ఉండేదాన్ని. కానీ అది అలవాటు కాదు, నా వ్యక్తిత్వం.) భోజనం దగ్గర ఫోను మోగితే ఎత్తకుండా బోర్లా పెట్టేలా నాన్నని మార్చాలి. ఇదీ నా ప్రాజెక్టు. బహుమతి మిర్చి బజ్జీ.

మిర్చి నేను ఊరికే ఎంచుకోలేదు. ఆకలితో ఉన్న ఎలుకే మీట బాగా నొక్కుతుందని పుస్తకంలో ఉంది. డాక్టరు నూనె తగ్గించమన్నాడని అమ్మ అంతకుముందే నాన్నకి బజ్జీలు నిషేధించింది. మా అపార్ట్‌మెంట్ కింద సందు చివర బండి మీద మిర్చీలు వేగుతుంటే నాన్న కారు అద్దం దించి వాసన చూసి మళ్లీ ఎత్తేసేవాడు. ఇంతకన్నా సిద్ధంగా ఉన్న ఎలుక నాకెక్కడ దొరుకుతుంది? అమ్మని ఒప్పించడం కష్టమవుతుందనుకున్నాను. ప్రాజెక్టు మార్కుల కోసం అనగానే రోజుకొకటి మించకూడదనే షరతుతో ఒప్పేసుకుంది. మా ఇంట్లో మార్కుల కోసమైతే కొలెస్ట్రాలు కూడా చల్లగా చూసేది. (ఆ షరతు రెండో రోజుకే గాలికి పోయింది. ఒక బజ్జీని ముక్కలు చేసి ముక్కకొకసారి ఇస్తే ఒకటి కిందే లెక్క అని నేను వాదించాను.)

బహుమతి ఆ క్షణంలోనే ఇవ్వాలి, ఆలస్యమైతే ఎందుకిచ్చారో ఎలుకకి అర్థం కాదు. అందుకని బజ్జీ ముక్కలు హాట్‌ప్యాక్‌లో పెట్టి నా గదిలో ఉంచుకునేదాన్ని. ఒక చెవికి ఇయర్‌ఫోను తీసేసి కాచుకుని కూర్చునేదాన్ని. నాన్న ఫోను మోగడమే ఆలస్యం, హాట్‌ప్యాక్‌తో బయటికి పరుగు. నాన్న పక్క కుర్చీలో కూర్చుని ఆయన చేతి వంక చూసేదాన్ని. ఫోను బోర్లా పెడితే ఒక ముక్క అని ఆయనకి ముందే చెప్పాను. మొదటి రోజు నాన్న ఫోను చూశాడు, హాట్‌ప్యాక్ చూశాడు, అమ్మని చూశాడు. ఫోను బోర్లా పెట్టాడు. నేను ముక్క కంచంలో వేశాను. నాన్న ముఖంలో ఎప్పుడూ చూడని శాంతి కనిపించింది. విజయవంతమైన ప్రయోగం అనుకున్నాను. ఇద్దరం ఏదో మాట్లాడుకున్నాం కూడా. నార్సింగిలో ఆయన చిన్నప్పటి బర్రె ఒకటి రోజూ ఒకే ఇంటి ముందు ఆగిపోయేదట. ఆ ఇంట్లో వాళ్లు దానికి గంజి పోసేవారట. నేను వెంటనే ఆ బర్రె ప్రవర్తన విశ్లేషించాను. నాన్న శ్రద్ధగా విన్నాడు.

వారం తిరిగేసరికి నా గ్రాఫు ఆకాశానికెక్కింది. నాన్న ఒక్క ఫోనూ ఎత్తడం లేదు, అన్నీ బోర్లా పెట్టేస్తున్నాడు. ఇబ్బందల్లా ఒకటే, ఫోన్లు మరీ ఎక్కువైపోయాయి. ఇదివరకు భోజనం మొత్తానికి ఒకటో రెండో వచ్చేవి. ఇప్పుడు అన్నంలో పప్పు కలిపేటప్పుడొకటి, కూరకొకటి, చారుకొకటి, మజ్జిగకి రెండు. కంపెనీ మునిగిపోతోందేమో అని నాకు కొంచెం భయం వేసింది గానీ, గ్రాఫు బాగున్నప్పుడు అలాంటివి పట్టించుకోకూడదని నాన్నే ఎప్పుడో తన ఉద్యోగం గురించి చెప్పి ఉన్నాడు. ఎన్ని ఫోన్లు బోర్లా పడ్డాయో గీశాను. ఎన్ని మోగాయో గీయలేదు. నేను మాత్రం రోజంతా గదిలో ఉన్నా ఆ మోత వినగానే కాళ్లు వాటంతటవే లేచేవి. ఒకసారి టీవీలో ఎవరిదో అదే రింగ్‌టోన్ మోగితే హాట్‌ప్యాక్ పట్టుకుని హాల్లోకి వచ్చేశాను. హాల్లో ఎవరూ లేరు.

ప్రాజెక్టు ఇంకో నాలుగు రోజుల్లో ఇవ్వాల్సి ఉండగా కథ అడ్డం తిరిగింది. నాన్న ఆవకాయ కలుపుకుంటున్నాడు, ఫోను అమ్మ పక్కన ఉంది. మోగింది. నేను పరుగెత్తుకొచ్చాను. నాన్న రెండు చేతులకీ ఆవకాయే. (ఆవకాయ ముందు మా నాన్న మేనేజరు కాదు, నార్సింగి పిల్లాడు.) సరే, సార్ భోంచేస్తున్నారని చెబుదామని అమ్మ ఫోను అందుకుంది. కళ్లజోడు సర్దుకుని తెర వంక చూసింది. ఆఫీసులో తప్పుడు ఫైలు దొరికినప్పుడు చూసే చూపు అది.

"ఏమండీ, ఈ క్లయింటు పేరు అలారమా?"

నాన్న నమలడం ఆపాడు. అమ్మ వేలితో జరుపుతూ పోయింది. అలారాలు వరసగా ఉన్నాయి, అన్నిటికీ అసలు ఫోను మోతే పెట్టుకున్నాడు. చారు వేళకొకటి, మజ్జిగ వేళకి రెండు. నా ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. నా ప్రాజెక్టు అబద్ధం, నా గ్రాఫు అబద్ధం, ఇక నేను వెళ్లి ఆ జాలీ కిటికీల వెనక నవ్వాలి. నన్ను హాస్టల్‌కి పంపడానికే ఇదంతా చేశావు కదా అని నాన్నని నిలదీశాను. ముక్క మిర్చి కోసం కన్నకూతురి బతుకు పాడు చేశావని కూడా అన్నాను. (ఆ వయసులో చిన్న మాటలు తట్టేవి కావు.)

నాన్న లేచి చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"మొదట్ల మిర్చికే పెట్టిన, అబద్ధమెందుకు. రెండు రోజులకే కడుపుల మంట మొదలైంది. గని ఫోను మోగితె నువ్వు ఆ రూములకెళ్లి బయటికొస్తున్నవ్ గద బిడ్డా. పక్కన కూసుంటున్నవ్. వట్టిగ పిలిస్తె రావు, ఆఁ అంటవ్, గంతే."

అమ్మ మజ్జిగలో ఉప్పు వేసి నాన్న ముందు పెట్టింది. నేను హాట్‌ప్యాక్ మూత పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను.

ప్రాజెక్టు వైవా రోజున 'అంటే మేడం'కి ప్రయోగం విఫలమైందని చెప్పాను. నేను ఎంచుకున్న మనిషి మోసం చేశాడన్నాను. "అంటే?" అంది. మొత్తం చెప్పాను. ఆవిడ కలం బల్ల మీద పెట్టింది. "అంటే, ఫోను మోగితే నువ్వు వచ్చేదానివి. నువ్వొస్తే ఆయన సంతోషించేవారు. అందుకని మళ్లీ మోగించేవారు. ఇంతకీ ఎవరు ఎవరికి అలవాటు చేశారు?" అని అడిగింది. టీవీలో రింగ్‌టోన్ విని ఖాళీ హాల్లోకి పరుగెత్తిన సంగతి గుర్తొచ్చింది. కుక్కే ఇంకా నయం, దానికి అన్నం దొరికేది. కుక్క నేనేనండీ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వి, నిజం చెప్పినందుకు మెచ్చుకుని, గ్రాఫు తప్పయినందుకు రెండో గ్రేడు వేసింది.

ఇంటికొచ్చి గ్రేడు చెప్పాను. ఒప్పందం ప్రకారం ఇక హాస్టలే. నాన్న ఆ సాయంత్రం కాయితం పొట్లంతో వచ్చాడు, మిర్చీల వాసన. ఫ్రిజ్ మీద నుంచి ఆ రంగుల కాగితం పీకి, బల్ల మీద పరిచి, దాని మీద బజ్జీలు పోశాడు. "ఆడ ఫోను రానియ్యరంట. ఈడ నా ఫోను మోగితె ఆడికెళ్లి నువ్వొస్తవా?" అన్నాడు. తర్వాత ఇద్దరం ఆ నవ్వే పిల్లల ముఖాల మీద నుంచి ఒక్కొక్కటే తీసుకుని తిన్నాం. అది నున్నటి కాగితం కదా, నూనె ఒక్క చుక్క కూడా పీల్చలేదు. ఆ పనికి కూడా ఆ కాలేజీ పనికిరాలేదు.

సైకాలజీ నాదైంది. ఇప్పుడు నేనూ హైటెక్ సిటీలోనే ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. ఫోనులో ఎర్ర చుక్క ఏ క్షణంలో వెలిగితే మనుషులు చేస్తున్న పని వదిలేసి దాన్ని నొక్కుతారో కనిపెట్టడం నా ఉద్యోగం. (మనసు లోతులు తెలుసుకోవాలనే తపన ఇక్కడి దాకా తెచ్చింది.) నాన్న రిటైరై ఆ చందానగర్ ఇంట్లోనే మాతో ఉన్నాడు. ఇప్పుడు భోజనం దగ్గర మోగే ఫోను నాది. బాల్కనీలోకి పోయేది కూడా నేనే.

నిన్న చారు కలుపుకుంటుంటే నా ఫోను మోగింది. నాన్న టీవీ ఆపి, మెల్లగా లేచి, వంటింట్లోకి వెళ్లి, చిన్న ప్లేటులో మిర్చి ముక్క ఒకటి తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నా చేతి వంక చూశాడు. నేను ఫోను బోర్లా పెట్టాను. ముక్క నా కంచంలో పడింది. ఆ గంజి బర్రె కథ ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, నేను మొదటిసారి విన్నట్టే విన్నాను. ఫోను ఎవరు చేశారని నాన్న అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే, క్లయింటు పేరు అలారం అని.