కొడుకు తరఫున లేచినప్పుడు

2004లో, నా అరవై రెండో ఏట, తాగుడుకు బానిసైన మా పెద్దబ్బాయిని భద్రాచలం తీసుకెళ్లాను. తాగుడు మానాలనుకునేవాళ్లు అక్కడ శనివారాలు ఒక గదిలో కూడి, ఒక్కొక్కరే తమ సంగతి చెప్పుకునేవారు. మావాడి వంతు వచ్చినా తలెత్తలేదు. చర్చిలో ఇంటివాళ్లందరి తరఫున లేచి ప్రార్థన కోరే అలవాటు నాది. అలాగే లేచి, వాడు భార్యను కొట్టినది కూడా చెప్పేశాను.

"గిట్ల పరువు తీయనీకేనా తోల్కొచ్చినవ్?" అంటూ వాడు బయటికి నడిచాడు. ఎదురుగానే బ్రాందీ షాపు.

"అమ్మా, ఈడ ఎవరి సంగతి వాళ్లే చెప్పాలె. నువ్వు బయట కూసో," అన్నాడు అక్కడి పెద్దాయన.

వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. షాపు ముందు నిలబడ్డ మావాడు నన్ను చూసి తిరిగొచ్చాడు. "ఈడనే ఉండు," అని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

తర్వాత రెండుసార్లు మళ్లీ తాగాడు, మళ్లీ అక్కడికే వెళ్లాడు. ఆ రోజు లోపల ఏం చెప్పాడో మాత్రం నేను ఇప్పటికీ అడగలేదు.