ఎండ వైపు సీటు

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. చలికాలం పొద్దున మైదుకూరు నుంచి కడపకు పోయే బస్సులో నాకు ఎండ పడే కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కనున్న పెద్దామె నా చెంపల మీది మంగు మచ్చలను కాసేపు చూసింది. చర్మం పొడిబారి పొట్టు లేస్తోంది.

"నిమ్మకాయ రుద్దుతాండావా అమ్మా?"

తల ఊపాను.

"రుద్దద్దు. ఈ చలికి తోలు పగిలి ఇంకా నల్లబడతాది. కొబ్బరినూనె పూసుకో, ఎండ తగలనీకు. కడుపుతో ఉన్నెప్పుడు వచ్చినట్లుండాదే. బిడ్డను ఇంటికాడ ఇడ్సిపెట్టి వచ్చినావా?"

"బిడ్డ దక్కలేదు పెద్దమ్మా."

ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ మాట నా నోట రావడం అదే మొదలు. ఆమె నన్ను లేపి, ఎండ వైపు తను కూర్చుంది. కడప వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆమె చెప్పినట్టే చేశాను. రెండేళ్లకు మచ్చలు పోయాయి. మొహం తేటపడిందని మా అత్త సంతోషపడింది. నేను మాత్రం అద్దం ముందు నిలబడి వాటి జాడ కోసం చాలాసేపు వెతికాను. పాప నాకు మిగిల్చి వెళ్లింది వాటినే.