అమావాస్య నాటి పరీక్ష

మొన్న మా మరిది వీధి గదిలో మూలపడి ఉన్న పాత కంప్యూటర్ని అరుగు మీదికి తెచ్చి, పక్క రేకు ఊడదీసి, "వదినా, దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామంటారా?" అని అడిగాడు. పిండి చేతులతోనే వచ్చి తొంగి చూశాను. లోపలంతా ఊక దుమ్ము. మా మండపేటలో మిల్లుల పక్కన ఉండే ప్రతి ఇంట్లోనూ గడపల మీద, దేవుడి పటాల మీద, ఆరేసిన బట్టల మీద వాలే సన్నటి బంగారు రంగు దుమ్మే. దాని మధ్య ఇటుకంత నల్లటి ముక్క, దానికి రెండు చిన్న ఫ్యాన్లు. గ్రాఫిక్స్ కార్డంటారు దాన్ని. కంప్యూటర్లో బొమ్మల పనంతా దాని నెత్తి మీదే ఉంటుంది. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఆ ముక్క సంగతి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. "నీ ఇష్టం నాయనా" అన్నాను. అన్నానే గాని ఇద్దరిలో ఎవరమూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా మరిది నిక్కరు వేసుకుని బడికి వెళ్లేవాడు. పెద్దయ్యాక వాళ్లన్నయ్యలాగా మిల్లులో చేరమంటే చేరలేదు. కెమెరా కొన్నాడు. వీధి గదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్లి వీడియోలు తియ్యడం మొదలెట్టాడు. మా వైపు పెళ్లి వీడియో అంటే మాటలు కాదు. మూడుముళ్లు ఎంత ముఖ్యమో, భోజనాల బంతిలో కూర్చున్న ప్రతి మొహం కనపడటమూ అంత ముఖ్యమే. ఓసారి ఎవరి పెదమావయ్యగారో పూతరేకు నోట్లో పెట్టుకున్న ముక్కని మా మరిది వీడియోలోంచి కోసేశాడని, ఆ పెద్దాయన మా గుమ్మంలోకొచ్చి, "మేం తినలేదనుకుంటారు కదండీ జనం!" అని తగువు పెట్టుకున్నాడు. మా మరిది నవ్వకుండా, "తిన్నారండి, నేను చూశానండి" అని ఆయన ఎదురుగానే ఆ ముక్క మళ్లీ అతికించి పంపాడు. పని మీద అంత శ్రద్ధ. దేన్నీ అరకొరగా ఇవ్వడు.

మా అమ్మాయి పెళ్లి కోరుకొండలో, నరసింహస్వామి కొండ కింద కల్యాణ మండపంలో జరిగింది. వైశాఖ మాసం, మంచి ఎండలు. పెళ్లికి సరిగ్గా ముందు మా నాన్నకి ఊపిరి అందక రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. ముహూర్తం మార్చుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. "నా రొప్పు కోసం పిల్ల పెళ్లి ఆపుతారా? పొండి, కానిచ్చి రండి" అన్నాడు. మా అమ్మాయి ఆయన భుజాల మీద పెరిగిన పిల్ల. సెలవులిస్తే చాలు, తాత పొలం గట్ల మీదే దాని కాపురం. ఆ తాత లేకుండా పెళ్లి జరిగింది. పీటల మీద కూడా అది పక్కకి తిరిగి తిరిగి గుమ్మంవైపే చూడటం నేను గమనించాను.

పెళ్లయిన మర్నాడు మా తమ్ముడు ఆసుపత్రికి వెళ్లి, ఫోనులో ఎవరో తీసిన ముక్కలు చూపించబోతే నాన్న మొహం తిప్పేసుకున్నాడట. "పెళ్లిని ముక్కలు చేసి చూపించకురా. వరసగా చూస్తాను, మొదట్నుంచీ చివరిదాకా. నేనూ వచ్చి కూర్చున్నట్టుండాలి" అన్నాడట. ఆ సాయంత్రం నేను ఆసుపత్రికి వెళ్తే, ఆ మాట చెప్పి మా తమ్ముడు నన్ను వరండాలోకి తీసుకెళ్లి, డాక్టరుగారు చెప్పిన మాట కూడా చెప్పాడు. ఎన్నాళ్లో అని ఏమీ లేదట, చూడాల్సిన వాళ్లని చూసుకోమన్నారట. ఇంటికొచ్చి మా మరిదికి చెప్పాను. అప్పటికే వచ్చిన బేరాలన్నీ పక్కన పెట్టి, అన్నం తినే టైం కూడా లేకుండా ఆ పెళ్లి మీదే కూర్చున్నాడు.

చిక్కెక్కడొచ్చిందంటే, మండపంలో వెలుతురు చాల్లేదు. బొమ్మంతా ఇసక చల్లినట్టు వచ్చింది. ఆ ఇసక ఏరెయ్యాలంటే కంప్యూటరు ఒక్కో బొమ్మనీ కడిగి పక్కన పెట్టాలి. పెళ్లి మొత్తం అలా కడిగి, కలిపి, ఒక్క వీడియోగా బయటికి రావాలంటే ఆ పాత కార్డు మీద ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుందన్నాడు. "కార్డు వేగం కొంచెం పెంచుతాను వదినా. తయారుచేసినవాళ్లు దాన్ని కాస్త నిదానంగానే నడిచేలా పెట్టి పంపుతారు. పైన ఇంకా కొంత జాగా ఉంటుంది. దీన్ని ఓవర్‌క్లాక్ అంటారు" అన్నాడు. "పేలిపోదు కదా?" అన్నాను. "పేలదండీ బాబూ. వేడెక్కుతుంది. తట్టుకోలేకపోతే మొండికేసి ఆగిపోతుంది, అంతే."

ఆ రోజు అమావాస్య. మా అత్తగారు మడిబట్టలో వచ్చి గుమ్మం దగ్గరే ఆగి, "ఒరేయ్ అబ్బాయ్, అమావాస్య పూట కొత్త పని మొదలెడతావా? రేపు చేసుకోకూడదూ?" అంది. "రేపటికి ఎవరుంటారో ఎవరికి తెలుసమ్మా" అనేసి, నన్ను చూసి నాలిక కరుచుకున్నాడు.

నేను కాఫీ ఇచ్చి అక్కడే ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నాన్న సంగతి తలుచుకుంటూ వంటింట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోయాను. మా మరిది చేసే పని చూపిస్తూ చెప్పాడు. తెర మీద గీతల్లాంటివి ఉన్నాయి, వాటి మీద బొత్తాలు. ఒకటి కార్డు నడిచే వేగం, ఇంకొకటి దాని మెమరీ, అంటే జ్ఞాపకం, నడిచే వేగం. రెండూ ఒక్కసారి పెంచకూడదట, ఏది తట్టుకోలేదో తెలియదు గనక. ముందు ఒకదాన్ని కొద్దిగా జరపాలి, జరిపి పరీక్ష పెట్టాలి. పరీక్షంటే, కార్డుకి ఊపిరాడనంత పని ఇచ్చే ఒక బొమ్మ తెర మీద గిరగిరా తిరుగుతుంది. అది తిరుగుతున్నంతసేపూ పక్కన వేడి అంకె చూస్తుండాలి, బొమ్మలో చుక్కలు, మెరుపులు, చిరుగులు వస్తున్నాయేమో కనిపెట్టి ఉండాలి. ఏవీ రాకపోతే ఇంకొంచెం జరపాలి. వచ్చాయో, వెనక్కి రావాలి. వచ్చి, అక్కడ చాలాసేపు తిప్పి చూడాలి. కాసేపు నిలబడింది కదా అని నమ్మకూడదట. పొయ్యి మీద పాల దగ్గర నిలబడ్డట్టే ఉంది నాకు. పక్కకి తిరిగితే చాలు, పొంగుతాయి.

మావారు ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు. పేపరు మడిచి వచ్చి నిలబడి, "ఏరా, ఉత్తినే తిప్పుతున్నావా? ధాన్యం పొయ్యకుండా మిల్లు ఎవడైనా తిప్పుతాడు" అన్నారు.

"ఉత్తినే కాదన్నయ్యా, బస్తాలు పోసే తిప్పుతున్నా. చూడు, ఎలా ముక్కుతోందో!"

ఫ్యాన్లు నిజంగానే గోల పెడుతున్నాయి. వీధి గది కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి, కాలవ మీంచి గాలి చల్లగా కొడుతోంది. పొద్దున మొదలెడితే మధ్యాహ్నం భోజనాలకి కూడా ఆపలేదు. చుక్క రాలేదు, మెరుపు రాలేదు. సాయంత్రానికి మా మరిది మొహం వెలిగిపోయింది. "నిలబడింది వదినా! రాత్రికి దీన్ని చల్లారనిచ్చి రేపు పొద్దున్నే పని అప్పజెబుతాను. ఎల్లుండి పొద్దునకల్లా తాతగారి ఒళ్లో పెడతాం" అన్నాడు. మర్నాడు తెల్లవారుతూనే కార్డుకి పెళ్లి అప్పజెప్పాడు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టుకుని, మా తమ్ముడికి ఫోన్ చేసి, రేపే వచ్చేస్తున్నామని నాన్నతో చెప్పమన్నాను.

ఆ మధ్యాహ్నం నేను పెరట్లో ఉండగా వీధి గదిలోంచి ఒక్క కేక వినపడింది. పరుగెత్తుకెళ్లాను. తెర నిండా ఆకుపచ్చ, గులాబీ చుక్కలు, ముగ్గు డబ్బా ఒలకబోసినట్టు. చూస్తుండగానే తెర నల్లబడి కంప్యూటరు ఆగిపోయింది. మళ్లీ వెలిగించి చూస్తే, అప్పటిదాకా తయారైందంతా పాడైపోయి పనికిరాకుండా పోయింది. మా మరిది తల పట్టుకున్నాడు. మా అత్తగారు చెయ్యి తిప్పుతూ, "నే చెప్పలా? అమావాస్య!" అంది.

ఇంకొకప్పుడైతే ఆవిణ్ని ఆట పట్టించేవాడు. ఆ పూట మాత్రం తలెత్తి కిటికీలవైపు చూశాడు. అన్నీ మూసి ఉన్నాయి. గది పెనంలా ఉంది. గోడకి ఆవల మిల్లు హోరుమంటోంది. "నిజమేనమ్మా. అమావాస్యే" అన్నాడు.

అప్పుడు గాని మాకు తెలివి రాలేదు. అమావాస్య నాడు బస్తాలు మోసే జట్టు కూలీలకి సెలవు, మిల్లు తిరగదు. అందుకే మావారు ఇంట్లో ఉన్నారు, అందుకే కిటికీలు తీసి ఉన్నాయి. మిగతా రోజుల్లో మిల్లు కూత వినపడగానే మా చేతులు వాటంతటవే వెళ్లి తలుపులు బిగిస్తాయి, ఊక లోపలికి రాకుండా. ఏళ్ల తరబడి అలవాటైపోయి, మూశామన్న సంగతి కూడా మాకు గుర్తుండదు. అంత చదువుకున్న మరిదీ, మిల్లులోనే జుట్టు నెరిసిన మావారూ, రోజుకి నాలుగుసార్లు ఆ ఊక ఊడ్చే నేనూ, ఒక్కరికీ తట్టలేదు. కార్డుని పరీక్షించాం గాని, అది బతకాల్సిన గదిలో పెట్టి పరీక్షించలేదు. సెలవు నాటి గాలిలో నెగ్గిందని సంబరపడ్డాం.

మావారు, "పాత వేగానికే పెట్టి కానియ్యరా ఇంక" అన్నారు. మా మరిది పెట్టాడు. పెట్టి, పని మొదలెట్టకుండా మళ్లీ ఆ గిరగిరా తిరిగే బొమ్మని తెరిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అక్కడ మా నాన్న రేపని ఎదురుచూస్తుంటే నీకు ఇంకా పరీక్షలేంటయ్యా? ఆటగా ఉందా?"

ఈ ఇంట్లో అతని మీద నేను గొంతెత్తడం అదే మొదలు. అతను తల దించుకుని, నెమ్మదిగానే అన్నాడు. "వదినా, నిన్న నేను తొందరపడ్డాను. ఇవాళ మీరు పడకండి. ఈ వేడికి ఇది పాత వేగంలో కూడా నిలబడుతుందో లేదో నాకు తెలీదు. సగంలో ఇంకోసారి పోతే తాతగారికి మనం చెప్పడానికి ఇంకో రేపు ఉండదు."

మిల్లు తిరుగుతుండగా, కిటికీలు బిగించి, ఎండ నడినెత్తిన ఉండగా పరీక్ష పెట్టాడు. పక్క రేకు తీసేసి, నా పాత నేతచీర ముక్క ఒకటి పల్చగా కట్టి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాడు. ఊక బట్టకే అంటుకుంది, గాలి లోపలికెళ్లింది. నేను అదే ముక్కాలిపీట మీద కూర్చుని చుక్కల కోసం చూశాను. అంతకుముందు రోజు రాకూడదనుకుంటూ చూసినదాన్నే, ఆ రోజు వస్తే ఇప్పుడే వచ్చెయ్యమని చూశాను. రాలేదు. మిల్లు ఆగే వేళకి పని అప్పజెప్పాడు. మేం రేపన్న రోజు దాటిపోయి, ఆ పై రోజు తెల్లవారుజామున వీడియో బయటికొచ్చింది. మొదటి బస్సుకే రాజమండ్రి బయల్దేరాం.

నాన్న మరీ చిక్కిపోయి ఉన్నాడు. ముక్కుకి గొట్టం. మా మరిది మంచం చివర కూర్చుని, లాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని, వీడియో మొదలెట్టాడు. పెళ్లికూతుర్ని చెయ్యడం దగ్గర్నుంచి నాన్న రెప్ప వెయ్యలేదు. ఎదుర్కోలు సన్నాహం చూస్తూ, "వియ్యంకుడు కాస్త గట్టివాడేరా" అన్నాడు. భోజనాల దగ్గర కళ్లు చిట్లించి, "ఆ నీలం చొక్కావాడు ఇందాకటి బంతిలోనూ ఉన్నాడే! రెండు బంతులు లాగించేశాడు" అన్నాడు. మా తమ్ముడు అటు తిరిగి కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. జీలకర్ర బెల్లం, మూడుముళ్లు. అప్పుడు నాన్న రెండు చేతులూ కొంచెం పైకెత్తి అక్షింతలు వేసినట్టు వేళ్లు విప్పాడు. చేతుల్లో ఏమీ లేదు.

తలంబ్రాల దగ్గర మా అమ్మాయి ఎగిరి ఎగిరి పోస్తుంటే ఆయనకి దగ్గు తెర వచ్చింది. తగ్గాక, "ఇక్కడ ఆపు నాయనా. కళ్లు లాగుతున్నాయి. మిగతాది రేపు చూస్తాను. అప్పగింతలు చూడాలంటే ఓపికుండాలి" అన్నాడు. మా మరిది ఆపాడు. ఆ సాయంత్రమే నాన్నని లోపలి వార్డుకి మార్చారు. అక్కడికి మమ్మల్ని ఒక్కొక్కర్నీ కాస్తసేపే పంపేవారు. ఆయన మళ్లీ కళ్లు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టలేదు.

పెద్దకర్మ నాడు అందరూ వెళ్లాక మా మరిది నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "నేను దాని జోలికి పోకుండా ఉంటే ముందు రోజే అందేది వదినా. మొత్తం చూసేవారు" అన్నాడు. కాదని అబద్ధం చెప్పలేకపోయాను, నిజమేనని చెప్పడానికి నోరు రాలేదు. "అన్నం పెట్టాను, చల్లారిపోతోంది, రా" అన్నాను. ఇద్దరం ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మా అమ్మాయి అత్తారింటికి వెళ్లిపోయి చాలా కాలమైంది. దానికీ ఇద్దరు పిల్లలు, జుట్టులో ఒకటీ అరా తెల్ల వెంట్రుక. ఏళ్లు మాకు వచ్చాయి, దానికీ వచ్చాయి. నాన్న చూసిన పెళ్లిలో మాత్రం అది ఇంకా తలంబ్రాలు పోస్తూ, నవ్వుతూ, మా మధ్యనే ఉంది. అక్కడ అప్పగింతల వేళ ఇంకా కాలేదు.